ఆ తుప్పు మీదే వెల్డింగ్ పెట్టించకు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ చేపల బండి వెనక ఎడమ షాకబ్జర్‌ని ఛాసీకి పట్టి ఉంచే బ్రాకెట్ తుప్పుకి ఊడి, షాకబ్జర్ పైకొస వేలాడుతుంటే దాన్ని తాడుతో కట్టేసి అనకాపల్లి దాకా వెళ్లొచ్చానని గొప్పగా చెప్తున్నావు. బరువు మోసేది కమాన్ పట్టీలురా, అందుకే బండి కూలబడలేదు. షాకబ్జర్ పని ఆ పట్టీల ఊపు ఆపడం. అది లేకపోతే గతుకు దాటాక కూడా వెనక భాగం ఎగురుతూనే ఉంటుంది, చక్రం రోడ్డుని పట్టుకోదు, లోడుతో బ్రేకు కొట్టావంటే బండి ఎటు పోతుందో తెలీదు. బాగయ్యేదాకా లోడు ఎత్తకు.

మన ఊళ్లో సముద్రపు గాలికే తుప్పు పడుతుంది, నీది పైగా ఫిషింగ్ హార్బర్‌లో చేపలు మోసే బండి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు బాడీ సందుల్లోంచి కారి ఆ బ్రాకెట్ వెనక బురదలో నిలుస్తాయి.

ఆటోనగర్‌లో ఆ తుప్పు మీదే కొత్త బ్రాకెట్ గంటలో అతికించి ఇస్తామంటారు. ఒకప్పుడు నేనూ అలాగే చేయించాను. నెల తిరక్కుండానే కొత్త బ్రాకెట్ ఊడిపోయింది, చూస్తే వెల్డింగ్ చెక్కుచెదరలేదు, దానికి అతుక్కుని అప్పడంలాంటి ఛాసీ ముక్క కూడా ఊడొచ్చింది. ఎవర్ని తిట్టాలి?

అందుకని ముందు సుత్తి పట్టుకో. బండిని జాకీ మీదే వదిలి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు, కళ్లద్దాలు పెట్టుకో, పొరలు రాలి కంట్లో పడతాయి. బ్రాకెట్ చుట్టూ జానెడు మేర కొట్టుకుంటూ రా. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబడబమంటూ పొరలు రాలుస్తుంది. ఖంగుమన్న చోట సుద్దముక్కతో గీత గియ్యి. ఆ గీత లోపలిదంతా కోసెయ్యాలి, కొత్త పలక గీత బయటి ఇనుముకే అతకాలి. పలక ఛాసీ మందానికి దగ్గరగా ఉండాలి, మూలలు గుండ్రంగా కోయించు, పదును మూలల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. అక్కడ ఛాసీని సగానికి పైగా తుప్పు తినేసిందనుకో, ఇక ఇది బ్రాకెట్ పని కాదు, ఆ బేరం వేరు.

షాకబ్జర్ కింది నట్టుకి రస్ట్ స్ప్రే కొట్టి రాత్రంతా నాననివ్వు. పానా మీద గొట్టం తొడిగి తొందరపడితే బోల్టు తెగుతుంది. వెల్డింగ్ ముందు బ్యాటరీ తీగలు తీయించు, డీజిల్ ట్యాంకూ బ్రేకు పైపులూ ఎంత దగ్గరున్నాయో నువ్వే చూసుకో, వాళ్లు చూస్తారనుకోకు.

రెండు షాకబ్జర్లూ కొత్తవే వెయ్యి, ఒక్కటే మారిస్తే బండి ఒక పక్కకి ఊగుతుంది. షాకబ్జర్ చివర్ల రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేలమీద ఆనాకే పూర్తిగా బిగించు, గాల్లో బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. అతుకు మీద రెడ్ ఆక్సైడ్, ఆపైన పెయింటు రెండు పూతలు. ఛాసీకి నీళ్లు పోయే కన్నాలుంటే మూసెయ్యకు. హార్బర్ నుంచి వచ్చిన ప్రతిసారీ కింద మంచినీళ్లు కొట్టు.

ఆదివారం పొద్దున బండి ఖాళీగా తీసుకురా, సుద్ద గీత ఇద్దరం కలిసి గీద్దాం. అత్తయ్య టిఫిన్ ఇక్కడే తినమంటోంది.

మీ మావయ్య