హోటళ్ళను రప్పించే ఉద్యోగం కూడా ఉంటుందా?

ప్రశ్న: మాది కావలి. ట్రంకు రోడ్డులో మా నాన్నగారి కాలం నుంచి బట్టల షాపు. పక్కన మావే ఇంకో మూడు షట్టర్లు ఉన్నాయి, వాటిలో రెండు ఏడాదిన్నరగా ఖాళీ. రెండూ కలిపి నెలకు 45 వేల అద్దె, 10 లక్షల అడ్వాన్స్ అడుగుతున్నాం. హైవే బైపాస్ మీదికి పోయి చాన్నాళ్ళయింది. ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకే మా వైపు బజారు సద్దుమణుగుతోంది. మా అమ్మాయి బీకామ్ ఫైనలియర్. "నాన్నా, మంచి హోటళ్ళు నాలుగొస్తే ఈ రోడ్డు మళ్ళీ కళకళలాడుతుంది, ఆ పని నేను నేర్చుకుంటా" అంటోంది. హోటల్ పెట్టడం కాదట, హోటళ్ళను రప్పించడమట! అలాంటి ఉద్యోగం ఉంటుందా? ఏం చదివించాలి? మావాడు ఇంటర్ రెండో సంవత్సరం, వాడేమో హోటల్ మేనేజ్‌మెంట్ అంటున్నాడు. బంధువులు అమ్మాయిని బ్యాంకు కోచింగ్‌లో వేయమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: హోటల్ పెడతామంటూ నా దగ్గరికి వచ్చే పిల్లలకు కొదవ లేదు. హోటల్ వాళ్ళు మా వీధికి ఎందుకు రావడం లేదని ఆలోచించిన పిల్ల గురించి వినడం మాత్రం ఇదే మొదలు. మీరు టెన్షన్ పడాల్సిన విషయం కాదండీ ఇది. కాకపోతే మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఖాళీ షట్టర్ల దగ్గరే ఉంది. అది చెబితే మీకు కొంచెం కోపం రావచ్చు.

ముందు ఉద్యోగం సంగతి. ఉంది, కానీ మన దగ్గర ఆ పేరుతో లేదు. అమెరికాలో చిన్న ఊళ్ళకు మీ కథే జరిగింది. కొత్త హైవేలు ఊరి పక్కనుంచి పోయాయి, బయట మాల్స్ లేచాయి, నడివీధి షాపులకు తాళాలు పడ్డాయి. అక్కడ నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే సంస్థ 1977లో మూడు ఊళ్ళలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఊరికొక మేనేజరును పెట్టి, ఆ వీధి బాగోగులు చూడటమే అతని పని అన్నారు. 1980లో దానికోసం ఒక కేంద్రమే వచ్చింది. ఇప్పుడు అక్కడ చాలా ఊళ్ళలో 'మెయిన్ స్ట్రీట్ మేనేజర్' అంటే జీతం వచ్చే ఉద్యోగం. ఖాళీ షాపుల జాబితా రాసుకోవడం, ఓనర్లతో మాట్లాడటం, ఏ షాపుకు ఏ వ్యాపారం నప్పుతుందో చూడటం, వాళ్ళను వెతికి తేవడం అతని పని. అంతకుముందే 1970లో కెనడాలోని టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారు వ్యాపారులు తలా ఇంత వేసుకుని తమ వీధిని తామే బాగుచేసుకునే పద్ధతి తెచ్చారు. మన మునిసిపాలిటీల్లో అలాంటి పోస్టు లేదు. కాబట్టి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే పాపకు జుట్టు నెరుస్తుంది.

ఇప్పుడు మీ షాపులోకి వద్దాం. ముహూర్తాల రోజుల్లో కలిగిరి, కొండాపురం, జలదంకి వైపు నుంచి పెళ్ళి బట్టలకు కుటుంబాలు వస్తాయి కదా. పొద్దున పదింటికి దిగుతారు. పెళ్ళికూతురి చీరలు తేలేసరికే పన్నెండున్నర. పెట్టుబడి చీరలు ఇంకా చూడనే లేదు, ఒంటిగంటకు చంటోడు ఏడుపు మొదలెడతాడు. పెద్దాయనకు షుగరు, టైముకు తినాలి. ఆడవాళ్ళు బాత్రూము ఎక్కడుందని మీ సేల్స్‌గర్ల్‌ని మెల్లగా అడుగుతారు. ఆ పక్కనే కుటుంబంతో కూర్చుని తినే చోటు, శుభ్రమైన బాత్రూము ఉంటే తిని మళ్ళీ మీ షాపుకే వస్తారు. లేకపోతే "మిగతావి నెల్లూరులో చూసుకుందాంలే" అంటూ లేస్తారు. హోటల్ వస్తే బజారు బాగుపడటమంటే ఇదే. ఆ హోటల్ లాభం సంగతి ఎలా ఉన్నా, మీ పెట్టుబడి చీరల బేరం పోకుండా ఉంటుంది. మీ అమ్మాయి గల్లా పెట్టె దగ్గర కూర్చుని ఇది గమనించి ఉంటుందని నా అనుమానం.

మరి హోటల్ వాళ్ళెందుకు రారు? లెక్క వేద్దాం. ఓ మోస్తరు హోటల్, పొద్దున 80 మంది టిఫిన్‌కు, మనిషికి 50 రూపాయలు. మధ్యాహ్నం 60 భోజనాలు, 110 చొప్పున. రోజుకు 10,600. ముప్పై రోజులూ తెరిస్తే 3 లక్షల 18 వేలు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు అద్దె అమ్మకంలో పది శాతం దాటకూడదంటారు. అంటే 32 వేల లోపు. మీరు అడిగేది 45 వేలు. అది గిట్టాలంటే అతను సాయంత్రం ఇంకో నాలుగున్నర వేల బేరం చేయాలి. ఎనిమిదిన్నరకే బజారు సద్దుమణుగుతోందని మీరే రాశారు. ఆ నాలుగున్నర వేలు ఎక్కడినుంచి తెస్తాడు?

ఆపైన 10 లక్షల అడ్వాన్స్. ఆ డబ్బు అతని వంటగది డబ్బు. బట్టల షాపుకు షట్టరు, ఫ్యాన్లు, లైట్లు ఉంటే సరిపోతుంది. హోటలుకు డాబా పైదాకా పొగగొట్టం కావాలి, త్రీఫేజ్ కరెంటు కావాలి, గిన్నెలు కడిగే నీళ్ళు పోయే దారి, జిడ్డు కాలువలోకి పోకుండా ఆపే గుంత, కమర్షియల్ సిలిండర్లు పెట్టుకునే చోటు, ఇన్ని కావాలి. ఇంకోటి, మీ అమ్మాయికి బీకామ్‌లో చెప్పే ఉంటారు. మామూలు హోటలు బిల్లు మీద జీఎస్టీ 5 శాతమే, కానీ అతను కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. 10 లక్షల ఇంటీరియర్ మీద 18 శాతం లెక్కన కట్టిన లక్షా ఎనభై వేలు నెత్తిన పడ్డట్టే. అందుకే వంటగది సగం సిద్ధంగా ఉన్న షాపు దొరికితే హోటల్ వాళ్ళు ఎగిరి గంతేస్తారు.

అగ్రిమెంటు ఎన్నాళ్ళకు రాస్తారో మీరు రాయలేదు. పదకొండు నెలలే అయ్యుంటుంది, చాలామంది అదే చేస్తారు. మా పెదనాన్న కొడుకు అలాగే మునిగాడు. బిర్యానీ బ్రహ్మాండంగా చేసేవాడు. పొగగొట్టం డాబా పైకి లేపడానికి ఓనరు ఒప్పుకోలేదు, మేడ మీద అద్దెకున్నవాళ్ళతో రోజూ రగడ. పదకొండు నెలలు అయ్యాక ఓనరు మళ్ళీ రాయనన్నాడు. గోడకు అంటించిన టైల్సు, వేసిన పైపులు, అన్నీ అక్కడే వదిలి వచ్చాడు. ఇప్పుడు చెన్నైలో వేరేవాళ్ళ దగ్గర మాస్టరుగా ఉన్నాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళెవరూ పదకొండు నెలల కాగితం మీద ఎనిమిది లక్షల వంటగది కట్టరు.

కాబట్టి పాప నేర్చుకోవాల్సిన మొదటి విద్య మీలాంటి ఓనర్లను ఒప్పించడం. మాల్స్ వాళ్ళు చేసేదే మీరూ చేయవచ్చు. అమ్మకంలో పది శాతం అద్దె, కనీసం 20 వేలు, ఏది ఎక్కువైతే అది. పైన వేసిన లెక్క ప్రకారం మొదట్లో మీకు 31,800 వస్తుంది. సాయంత్రం బేరం కూడా అందుకుంటే మీరడిగిన 45 వేలూ వస్తుంది. అయిదేళ్ళకు రిజిస్టర్డ్ లీజు రాయండి, మొదటి మూడు నెలలు ఇంటీరియర్ పనికి అద్దె వదిలేయండి. నష్టమంటారా? ఏడాదిన్నర నుంచి మీకు వస్తున్నది సున్నా.

ఇక ఎవరిని రప్పించాలి? పెద్ద పెద్ద బ్రాండ్ల వెంట పడొద్దని చెప్పండి. వాళ్ళు జనాన్ని లెక్కపెట్టి వస్తారు, వీధి లేచాక వాళ్ళే వస్తారు. సందులో మెస్ నడుపుతూ మధ్యాహ్నం రెండింటికే అన్నం అయిపోయిందని బోర్డు తిప్పేవాళ్ళు ఉంటారు. నెయ్యి కారం దోశ మీద పప్పుల పొడి చల్లి ఇస్తుంటే చుట్టూ బైకులు ఆగే బండి ఉంటుంది. వాళ్ళకు గిరాకీ ఉంది, షట్టరెక్కే ధైర్యం లేదు. దగ్గర్లోనే జువ్వలదిన్నె హార్బర్ ఉన్న ఊళ్ళో మామిడికాయ వేసిన చేపల పులుసుకు పేరుపడ్డ హోటలు ట్రంకు రోడ్డులోనే ఉండాలి కదా అనిపిస్తుంది నాకు. ఇది కెరీర్ సలహా కాదు, నా జిహ్వ చాపల్యం.

బండ్లను బజారుకు అడ్డమనుకునే షాపు ఓనర్లు చాలామంది. మీరూ అందులో ఒకరైతే పాపతో గొడవ ఖాయం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. పాప ఈ చట్టం చదవాలి. ఇండోర్‌లో సరాఫా బజారు చూసి రమ్మనండి. పగలంతా బంగారం కొట్లు. రాత్రి అవి మూశాక ఆ కొట్ల ముందే తిండి బండ్లు వెలుస్తాయి, అర్ధరాత్రి దాటాక కూడా జనం. బంగారం కొట్ల వాళ్ళకు అది అడ్డం కాలేదు. మీ షాపు మూసిన తర్వాత మీ అరుగు ఏం చేస్తోంది? ఊరికే ఉంటోంది.

చదువు సంగతి. పాపను వెంటనే ఎంబీఏలో వేయకండి. ముందు రెండేళ్ళు పని చేయనివ్వండి. హైదరాబాద్, చెన్నై, విజయవాడల్లో శాఖలు పెంచుకుంటున్న హోటల్ కంపెనీలకు కొత్త చోట్లు వెతికే విభాగం ఉంటుంది, బిజినెస్ డెవలప్‌మెంట్ అంటారు. మాల్స్‌లో షాపులను అద్దెకిచ్చే లీజింగ్ విభాగం ఉంటుంది. ఫ్రెషర్‌కు అక్కడ నేరుగా సీటు దొరక్కపోవచ్చు. అప్పుడు ఏదో ఒక శాఖలో షిఫ్ట్ చూసే ఉద్యోగంలో చేరి లోపలినుంచి మారాలి. వంటింటి లెక్కలు అక్కడే ఒంటపడతాయి. ఆ తర్వాత కావాలనుకుంటే ఐసెట్ రాసి ఎంబీఏ చేయవచ్చు. టౌన్ ప్లానింగ్ మీద మనసుంటే 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విజయవాడలోనే ఉంది. కానీ అక్కడి పీజీ కోర్సు ఎం.ప్లాన్‌కు బీకామ్‌తో నేరుగా దారి లేదు. ఎంఏ ఎకనామిక్స్ లాంటిది మధ్యలో చేయాల్సి వస్తుంది. ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో అర్హతలు చూసుకునే దిగాలి.

బ్యాంకు కోచింగ్ చెడ్డదేమీ కాదు. కానీ ఇష్టం లేని పిల్లను కూర్చోబెడితే రెండేళ్ళూ ఫీజులూ పోతాయి. ఆడపిల్ల హోటళ్ళ వెంట తిరగడమేంటని కూడా మీ బంధువులు అని ఉంటారు, మీరు రాయలేదంతే. అలా అనేవాళ్ళే రేపు ఫ్యామిలీతో ఆ హోటల్లో మొదటి టేబుల్‌లో కూర్చుంటారు.

మీవాడికి హోటల్ మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష ఎన్‌సీహెచ్ఎం జేఈఈ రాయించండి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు, ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉండాలి. దాని ద్వారా ఐహెచ్ఎంలలో, అంటే హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్లలో మూడేళ్ళ బీఎస్సీ, హైదరాబాద్‌లో ఒకటి ఉంది. తిరుపతిలో స్టేట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని లక్షలు అడిగే కాలేజీలకు డబ్బు కట్టేముందు పాత విద్యార్థులు ఇద్దరితో మాట్లాడండి. దానికన్నా ముందు వేసవి సెలవుల్లో ఒక నెల తెలిసిన మెస్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకు పనికి పంపండి. ఉల్లిపాయలు తరిగి, రుబ్బిన పిండి మోసి, గిన్నెలు తోమి వచ్చాక కూడా వంట పిచ్చి మిగిలితే నమ్మొచ్చు.

పాపకు సెమిస్టర్ పరీక్షలు అయ్యాక ఒక పని చెప్పండి. ఒక శనివారం, ఒక మంగళవారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మీ అరుగు మీద నోటుపుస్తకంతో కూర్చోవాలి. ప్రతి పావుగంటకు ఎంతమంది నడిచి వెళ్ళారు, అందులో ఆడవాళ్ళెంతమంది, పిల్లలతో ఎందరు, చేతిలో సంచి ఉన్నవాళ్ళెందరు, ఎక్కడ ఆగి ఏం తిన్నారు, అన్నీ రాయాలి. తర్వాత ట్రంకు రోడ్డులో ఆ చివరినుంచి ఈ చివరి దాకా నడిచి ఖాళీ షట్టర్లన్నిటికీ వరుస నంబర్లు వేసి, ఒక్కోదానికి నీళ్ళు, డ్రైనేజీ, పొగగొట్టానికి దారి ఉన్నాయో లేవో పక్కన రాయాలి. రేపు ఏ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్ళినా ఆ పుస్తకం బల్ల మీద పెడితే చాలు, మార్కుల లిస్టు ఎవరూ అడగరు. ఆ పుస్తకం ఫొటోలు నాకూ పంపమనండి. మీరు మాత్రం ఈలోపు ఆ రెండు షట్టర్లు తెరిచి, లోపల పాత స్టాకు మూటలేమైనా ఉంటే తీయించండి, చూడటానికి వచ్చినవాడికి నేల కనిపించాలి.