హోండా అవార్డు కావాలట మా అమ్మాయికి!

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మావారిది హెచ్‌-1బీ. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, జిమ్నాస్టిక్స్‌లో లెవెల్‌ 9. కాలేజీ జిమ్నాస్ట్‌లకు ఏటా ఇచ్చే హోండా అవార్డు తెచ్చుకుంటానంటోంది. జిమ్‌ మానిపించి ఎస్‌ఏటీ కోచింగ్‌లో చేర్చాలంటారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: మానిపించకండి. ముందు ఆ అవార్డు ఎలా ఇస్తారో మీవారికి చెప్పండి. 1976లో మొదలైన ఈ అవార్డులను ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) పరిధిలోని 12 మహిళా క్రీడలకు ఇస్తారు. ఒక్కో ఆటకు ఒక్కరే. ఆ 12 మందిలో ఒకరికి హోండా కప్‌ దక్కుతుంది. ఆటతో పాటు చదువు, నాయకత్వం, సేవ కూడా చూస్తారు. అంటే మార్కుల గురించి మీవారు పడే టెన్షన్‌ మీ అమ్మాయికీ పనికొచ్చేదే.

2022లో జిమ్నాస్టిక్స్‌లో దీన్ని అందుకున్న ట్రినిటీ థామస్‌ (ఫ్లోరిడా) చదివింది అప్లైడ్‌ ఫిజియాలజీ. ఆ మరుసటి ఏడాదికల్లా 28 పర్ఫెక్ట్‌ టెన్‌లతో (పదికి పది స్కోర్లు) కాలేజీ రికార్డును సమం చేసింది. దేశం మొత్తం మీద అలాంటివాళ్లు ఏడాదికి ఒక్కరు. కాబట్టి అవార్డు కలను అమ్మాయికే వదిలేయండి. మీరు ఆలోచించాల్సింది కాలేజీ టీమ్‌లో చోటు గురించి.

అదీ తేలిక కాదు. కొత్త నిబంధనలు పాటించే డివిజన్‌-1 (కాలేజీ క్రీడల్లో పై శ్రేణి) కాలేజీల్లో టీమ్‌కు గరిష్ఠంగా 20 మంది. పోటీలో ఒక్కో అపరేటస్‌ (బీమ్‌, బార్స్‌ లాంటి పరికరం) మీద దిగేది ఆరుగురు, లెక్కలోకి వచ్చేది ఐదుగురి స్కోర్లు. ఈ టీమ్‌ల కోచ్‌లు ఎక్కువగా లెవెల్‌ 10 (లెవెళ్లలో అన్నిటికంటే పైది) వాళ్లనే చూస్తారు. ఇప్పుడు లెవెల్‌ 9 కాబట్టి టైముంది. అయితే వచ్చే రెండేళ్లు కీలకం. రిక్రూటింగ్‌ గురించి కాలేజీ కోచ్‌లు నేరుగా మాట్లాడేది పదో తరగతి అయ్యాక, జూన్‌ 15 నుంచి.

మన తల్లిదండ్రులు చాలామంది గమనించని సంగతి ఒకటుంది. యూటీ ఆస్టిన్‌కు గానీ టెక్సస్‌ ఏ అండ్‌ ఎమ్‌కు గానీ ఎన్‌సీఏఏ మహిళా జిమ్నాస్టిక్స్‌ టీమే లేదు. ఇన్‌-స్టేట్‌ ఫీజుతో (రాష్ట్రవాసులకు ఉండే తక్కువ ఫీజు) అక్కడ చదువుతూ ఆడుతుందని లెక్క వేసుకుంటే తప్పుతుంది. మీకు దగ్గర్లోని డెంటన్‌లో టెక్సస్‌ ఉమెన్స్‌ యూనివర్సిటీ టీమ్‌ ఉంది. డివిజన్‌-2 అని తీసిపారేయకండి, కాలేజియేట్‌ జాతీయ టైటిళ్లు చాలాసార్లు గెలిచిన టీమ్‌ అది. ఐవీ లీగ్‌లో యేల్‌, పెన్‌, బ్రౌన్‌, కార్నెల్‌కు టీమ్‌లున్నాయి. ఈ పేర్లు మీవారి చెవిన వేసి చూడండి! అయితే అక్కడ ఆటకని స్కాలర్‌షిప్‌ ఇవ్వరు. ఇచ్చేదల్లా కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయమే.

చదువు విషయానికొస్తే, డివిజన్‌-1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్‌ కోర్సులు (ఇంగ్లిష్‌, మ్యాథ్స్‌ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. మంచి యూనివర్సిటీకి ఆ 2.3 ఏ మూలకూ చాలదు. ఎన్‌సీఏఏ అర్హతకు ఎస్‌ఏటీ అక్కర్లేదు గానీ, అడ్మిషన్‌కు చాలా యూనివర్సిటీలు మళ్లీ అడుగుతున్నాయి. కోచింగ్‌ వేసవిలో పెట్టుకోండి. జనవరి నుంచి ఏప్రిల్‌ దాకా పోటీల్లో నలిగే పిల్లను సాయంత్రం ఇంకో క్లాసుకు తోలితే రెండూ చెడతాయి.

గాయాల గురించీ ఆలోచించాలి. జార్జియాకు ఆడిన కోర్ట్‌నీ కుపెట్స్‌ 2008లో అకిలిస్‌ టెండన్‌ తెగి సీజన్‌ పోగొట్టుకుంది. 2009లో తిరిగొచ్చి హోండా కప్‌ గెలిచింది, తర్వాత అదే టీమ్‌కు హెడ్‌ కోచ్‌ కూడా అయింది. అందరికీ అలా కుదరదు. పైగా కాలేజీ అయ్యాక జీతమిచ్చే జిమ్నాస్టిక్స్‌ లీగ్‌ను నమ్ముకుని బతికే పరిస్థితి లేదు. కాలేజీని ఎంచుకునేటప్పుడు, రేపు ఆట ఆగినా ఆమె అక్కడే చదవాలనుకుంటుందా అని అడగండి.

ఇక వీసా. గ్రీన్‌కార్డు రాకుండా 21 నిండితే ఆమె హెచ్‌-4 (మీవారి వీసా మీద పిల్లలకు వచ్చేది) పోతుంది, ఎఫ్‌-1 స్టూడెంట్‌ వీసాకు మారాల్సి రావచ్చు. 2021 నుంచి కాలేజీ క్రీడాకారులు తమ పేరు, ఫొటోతో ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. అయితే హెచ్‌-4 మీదైనా ఎఫ్‌-1 మీదైనా అది చిక్కుల వ్యవహారం. టీమ్‌మేట్లు చేస్తున్నారు కదా అని ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టనివ్వకండి, ముందు ఇమిగ్రేషన్‌ లాయర్‌ను కలవండి. ఈ వారంలో చేయాల్సిందల్లా ఆమె జిమ్‌ కోచ్‌తో కూర్చుని, లెవెల్‌ 10కి ఎప్పటికి వెళ్లగలదో నిక్కచ్చిగా చెప్పమనడం. ఆ మాటలు వినడానికి మీవారిని కూడా తీసుకెళ్లండి.