ముందు సిలికాన్‌తో సరిచూసుకో

విజయనగరం

చి. అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఎవరూ ముట్టని పెరోవ్‌స్కైట్ స్ఫటికం ఒకటి తీసుకుని, దాని స్థితిస్థాపక స్థిరాంకాలు, అంటే లాగినా వంచినా అది ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకెలు, కంప్యూటర్‌లో లెక్కగడతానని రాశావు. సంతోషమే. కానీ మొదటి పదిహేను రోజులు దాని జోలికి వెళ్లకు. సిలికాన్‌తో మొదలుపెట్టు. పలాసలో మీ నాన్న జీడిపప్పు తూచే ముందు కాటా మీద తెలిసిన రాయి పెట్టి చూసుకుంటాడు కదా, ఇదీ అంతే.

సిలికాన్ జాలక స్థిరాంకం, అంటే స్ఫటికంలో పదే పదే వచ్చే గడి అంచు పొడవు, ప్రయోగంలో 5.431 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఎలక్ట్రాన్ల శక్తిని అంచనా కట్టే ఉజ్జాయింపుల్లో పీబీఈ వాడితే నీకు 5.47 దగ్గర రావాలి, ఎల్‌డీఏ వాడితే 5.40 దగ్గర. పీబీఈతో సరిగ్గా 5.431 వస్తే మాత్రం పొంగిపోకు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసి ఉంటాయి. ఈ లెక్కలు చేసే క్వాంటం ఎస్ప్రెసో సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, రెండు పరమాణువుల లెక్క నీ ల్యాప్‌టాప్‌కి బరువేమీ కాదు. లెక్క ఎంత సూక్ష్మంగా సాగాలో చెప్పే కటాఫ్, కే-పాయింట్లు పెంచుతూ పోయినప్పుడు మొత్తం శక్తి నిలకడగా ఉందని ఆగిపోవద్దు. ప్రతిబలం (స్ట్రెస్) ఇంకా ఆలస్యంగా కుదురుకుంటుంది. మనకు కావలసింది అదే.

ఘనాకృతి (క్యూబిక్) స్ఫటికానికి మూడే స్వతంత్ర స్థితిస్థాపక స్థిరాంకాలు. సిలికాన్‌కు ప్రయోగంలో సి11 సుమారు 166, సి12 64, సి44 80 గిగాపాస్కల్‌లు. పీహెచ్‌డీ రోజుల్లో నాకు మొదటి రెండూ చక్కగా వచ్చాయి, సి44 మాత్రం 200 దాటింది. రెండు నెలలు కంప్యూటర్‌నే తిట్టాను. ప్రతిబలాలను, వికృతులను ఆరేసి అంకెలుగా రాసే వాయిట్ పద్ధతిలో షియర్ వికృతి, అంటే పక్కకు వంగిన కొలత, టెన్సర్ వికృతికి రెట్టింపు. ఆ రెండును నేను మింగేశాను. దిద్దాక కూడా వంద పైనే! జాలకాన్ని వంచి, లోపలి పరమాణువులను కదలనివ్వకుండా కట్టేసి ఉంచానని అప్పుడు తట్టింది. వదిలేసరికి 70లలోకి దిగింది. సి11, సి12లకు ఈ రెండు తప్పులూ అంటవు, సౌష్ఠవం అలాంటిది. అందుకే అవి బాగున్నాయి కదా అని మోసపోయాను. బల్క్ మాడ్యులస్ (అన్ని వైపులా నొక్కితే చూపే ఎదురు) సరిపోయినా ఇదే కథ, దానికి సి44తో పనే లేదు. వికృతి 0.005 చాలు, ప్లస్ వైపూ మైనస్ వైపూ రెండూ చెయ్యి.

నీ పెరోవ్‌స్కైట్‌లో మాంగనీసు ఉందన్నావు. మన గర్భాం గనుల్లోంచి లారీల కొద్దీ వెళ్లే ఆ మాంగనీసే, లెక్కలో మాత్రం మహా మొండిది. స్పిన్ (ఎలక్ట్రాన్ల అయస్కాంత గుణం) చేర్చకుండా చేశావా, జాలకమే తప్పుగా వస్తుంది. మాంగనస్ ఆక్సైడ్‌లో 118 కెల్విన్‌ల కిందికి వెళ్తే స్పిన్‌లు పొర విడిచి పొర తలకిందులవుతాయి. నీ దాంట్లో అవి ఎలా అమరాయో ముందు తేల్చుకో, ఆ తరువాతే వంచడం.

బల్క్ మాడ్యులస్‌ను షియర్ మాడ్యులస్‌తో భాగిస్తే 1.75 దాటింది, కనుక ఈ పదార్థం సాగుతుంది అని ఒక వాక్యం రాస్తావేమో, అందరూ రాస్తున్నారు. ప్యూ (Pugh) అనే శాస్త్రవేత్త 1954లో ఆ నిష్పత్తిని శుద్ధ లోహాల కోసం చెప్పాడు. నీది ఆక్సైడ్. నాకైతే ఆ వాక్యం కనబడకూడదు.

కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా? 2018లో తిత్లీ తుఫాను చూసినదానివి. మధ్యలో ఆగితే మళ్లీ అక్కడినుంచే నడిచేలా ఫైళ్లు భద్రం చేసుకో.

సిరిమానోత్సవానికి వస్తావు కదా. సిలికాన్ ఇన్‌పుట్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో. ఒట్టి అంకెలు తెస్తే చూడను.

మామయ్య