మీ తరఫున తలవంచిన మనిషి

ప్రశ్న: నా వయసు 25 ఏళ్ళు. పదేళ్ళు వచ్చే వరకు తెనాలిలో నానమ్మ దగ్గర పెరిగి, తరువాత డల్లాస్‌లో అమ్మానాన్నల దగ్గర చదువుకున్నాను. ఈ మార్చి నుంచి దక్షిణ కొరియాలో, సోల్ నగరం పక్కనున్న బుందాంగ్‌లో, ఒక ఇంగ్లీషు కిండర్‌గార్టెన్‌లో అయిదారేళ్ళ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పిల్లలంటే ఇష్టంతో వచ్చిన నాకు ఇక్కడి పిల్లల తీరు బొత్తిగా అర్థం కావడం లేదు. నా చేతిని రుద్ది, రంగు అంటుకుందేమోనని తమ వేళ్ళు చూసుకుంటారు. మొటిమ వస్తే వేలు పెట్టి చూపిస్తారు. వయసెంత, పెళ్ళయిందా అని అడుగుతారు. ఒక బాబు వెనుక నుంచి వచ్చి, రెండు చేతులూ జోడించి, చూపుడు వేళ్ళతో చెప్పుకోలేని చోట పొడిచాడు. నా కళ్ళలోకి చూసి క్షమాపణ చెప్పమంటే తల దించుకుని నిలబడ్డాడే గాని నోరు విప్పలేదు. వాడిని కారిడార్‌లో ఒంటరిగా కూర్చోబెట్టాను. ఆ రాత్రి తల్లి ఫిర్యాదు చేసింది. నాతో పాటు తరగతిలో ఉండే కొరియన్ టీచరు నన్ను ఒక్క మాటైనా అడగకుండా ఫోనులో క్షమాపణ చెప్పింది. మర్నాడు ఉదయం వాడిని దిగబెట్టడానికి వచ్చిన నాయనమ్మ ముందు నడుము వంచి మరీ చెప్పింది. అంతకు ముందు, నేను ఎర్ర మార్కరుతో రాసిన పిల్లల పేర్ల చీటీలన్నీ నాకు చెప్పకుండా తీసేసి నల్ల సిరాతో రాసి పెట్టింది. ఆమె నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద, పిల్లల విద్యలో డిగ్రీ చేసింది, అయినా నాకు అండగా నిలబడదు. అడ్మిషన్ల బ్రోచరులో మిగతా విదేశీ టీచర్ల ఫోటోలన్నీ ఉన్నాయి, నాది లేదు. అమ్మ రోజూ ఫోను చేసి, ఊళ్ళో వాళ్ళ పిల్లల ముక్కులు తుడవడానికా నిన్ను చదివించింది, బోస్టన్ సంబంధం వాళ్ళు ఎదురు చూస్తున్నారు, వచ్చెయ్ అంటోంది. ఏడాది ఒప్పందాన్ని మధ్యలో వదిలేయమంటారా? ఈ పిల్లలకు మర్యాద నేర్పే మార్గం ఏదైనా ఉందా?
— పేరు వద్దు, బుందాంగ్

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు చిన్నదే. భాషా బోధనకు ఇచ్చే ఇ-2 వీసా మీకు ఉద్యోగం ఇచ్చిన సంస్థతో ముడిపడి ఉంటుంది కనుక మధ్యలో మానేసి మరోచోట చేరాలంటే పాత యజమాని నుంచి విడుదల పత్రం కావాలి. ఏడాది నిండితేనే దాదాపు నెల జీతం అదనంగా చేతికి వస్తుంది. ఈ లెక్క మీకూ తెలుసు, నేను చెప్పాలని మీరు రాయలేదు. ఇక పిల్లలకు మర్యాద నేర్పడం గురించి అడిగారు. మీ తరగతిలో మర్యాద నేర్చుకోవలసిన వాళ్ళు పిల్లలు కారు. కఠినంగా ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపినది ఆ బాబు కాదు, ఆ కొరియన్ టీచరు. పిల్లల మీద మీరు పెట్టిన శ్రద్ధలో నాలుగో వంతు కూడా ఆమె మీద పెట్టలేదు. ఆమె పేరు రాయలేదు సరే, ఆమెను మీరు ఏమని పిలుస్తారో కూడా రాయలేదు. అమెరికాలో అలవాటైన విధంగా ఉత్త పేరు పెట్టి పిలుస్తున్నారేమోనని నా అనుమానం. తొమ్మిదేళ్ళు పెద్దదైన మనిషిని తెనాలిలో మీ నానమ్మ అలా పిలవనిచ్చేదా?

పిల్లల సంగతి త్వరగా ముగిస్తాను. చేతిని రుద్ది చూడడం, మొటిమను చూపించడం అయిదేళ్ళ పిల్లల కుతూహలం; మన ఊళ్ళోకి తెల్లవాళ్ళు వస్తే మన పిల్లలు వెంటబడి వాళ్ళ జుట్టు పట్టుకుని చూడలేదా? వయసు అడగడంలో అనుచితమేమీ లేదు. ఎవరు పెద్దో తెలియనిదే ఎలా పలకరించాలో తెలియని సమాజం అది. ఒక్క ఏడాది పెద్దదైన పిల్లను కూడా అక్క అనే వరసలో పిలిచే పిల్లలు టీచరు వయసు తెలుసుకోకుండా ఎలా ఉంటారు? వేళ్ళతో పొడిచే ఆట కొరియాలో తరతరాలుగా చిన్నపిల్లలు ఒకరితో ఒకరు ఆడే అల్లరి, దానికి వాళ్ళ భాషలో పేరు కూడా ఉంది. అది మీకు నచ్చనక్కర లేదు, ఆపించే హక్కు మీకు పూర్తిగా ఉంది. అయితే దాన్ని ఒక పెద్దమనిషి చేసిన అవమానంగా తీసుకుని అయిదేళ్ళ బిడ్డ మీద తీర్పు చెప్పడం వేరే విషయం.

ఆ బాబు తల దించుకున్నాడన్నారు. అమ్మాయీ, పదేళ్ళ వరకు మీరు తెనాలిలో పెరిగారు. పెద్దవాళ్ళు కోప్పడుతుంటే మీరు కళ్ళెత్తి సూటిగా చూసేవారా? చూస్తే ‘ఏమిటా చూపు?’ అని ఇంకొకటి తగిలేది కాదా? కొరియాలో కూడా తప్పు ఒప్పుకున్న బిడ్డ చేసేది అదే. కళ్ళు దించి, చేతులు ముందు కట్టుకుని నిలబడడమే వాడు మీకు చెప్పిన క్షమాపణ. మీరు దాన్ని స్వీకరించకపోగా, వాడికి తెలియని రెండో క్షమాపణ ఒకటి అడిగి, అది రాలేదని గుంపులో నుంచి తీసి బయట కూర్చోబెట్టారు. అన్నం తినడం, పళ్ళు తోముకోవడం, చెప్పులు విప్పి వరుసగా పెట్టుకోవడం అన్నీ కలిసి చేసే చోట ఒక బిడ్డను వెలివేసినట్టు ఒంటరిగా ఉంచడం చెంపదెబ్బ కన్నా పెద్ద శిక్ష. వాడి తల్లి రాత్రి ఫోను చేసిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

అక్కడితో మీ పాత్ర ముగిసింది, ఆ కొరియన్ టీచరు పని మొదలైంది. కొరియాలో 2023లో ఒక స్త్రీకి సగటున 0.72 జననాలు నమోదయ్యాయి. అంటే మీ తరగతిలో కూర్చున్న పిల్లల్లో చాలామంది ఇంటికి ఒక్కరే, ఒక్కొక్కరి వెనుక తల్లీ తండ్రీ, తాతలూ నాయనమ్మలూ అందరూ నిలబడి ఉంటారు. మీ సంస్థను అందరూ కిండర్‌గార్టెన్ అని పిలిచినా చట్టం దృష్టిలో అది హాగ్వాన్, అంటే ఫీజుల మీద నడిచే ప్రైవేటు శిక్షణ సంస్థ. పిల్లలే తగ్గిపోతున్న దేశంలో ఒక తల్లి అసంతృప్తితో బిడ్డను మాన్పిస్తే యజమాని ఎవరిని నిలదీస్తారు? వీసా, ఇల్లు, విమానం టిక్కెట్టు ఇచ్చి తెచ్చుకున్న మిమ్మల్ని కాదు, తరగతి బాధ్యత అప్పగించిన ఆమెను. తల్లులకు రోజూ రాసి పంపవలసినది ఆమె, బిడ్డ అన్నం ఎంత తిన్నదీ, ఎందుకు ఏడ్చినదీ చెప్పవలసినది ఆమె, రాత్రి పది గంటలకు ఫోను మోగితే ఎత్తవలసినది కూడా ఆమే. మీకు భాష రాదు కనుక ఆ ఫోను మీ దగ్గరకు వచ్చే వీలే లేదు.

ఆ బాబు తల్లికి ఆమె ఏం చెప్పిందని మీరు అడిగారా? ఉత్తరంలో లేదు. ‘కొత్త టీచరుకు మన పద్ధతులు నేను చెప్పలేదు, తప్పు నాది’ అని ఆమె అని ఉంటుందని నేను పందెం వేయగలను. ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలు పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తే అత్తగారి ముందు పెద్దకోడలు ‘నేనే వెయ్యమన్నాను’ అనేది చూడండి, అలాంటిదే ఇది. ఆ మాట వల్ల చిన్నకోడలు తప్పు చేసినది కాలేదు, తప్పు ఆమె మీద పడకుండా పోయింది. మీరేమో ఆమె మిమ్మల్ని పట్టిచ్చిందని రాశారు.

పేర్ల చీటీల సంగతీ అంతే. కొరియాలో బతికి ఉన్నవాళ్ళ పేరు ఎర్ర సిరాతో రాయడం అశుభం. అది చావును తలపిస్తుంది. బిడ్డ పేరు ఎర్రటి అక్షరాల్లో గోడ మీద చూసిన నాయనమ్మ గుండె ఎలా ఉంటుందో, గుమ్మానికి పసుపు రాసే మన ఇళ్ళలో పుట్టిన మీకు నేను చెప్పనక్కర లేదు. పిల్లలందరూ వెళ్ళిపోయాక ఆమె ఒక్కతే కూర్చుని ఆ చీటీలన్నీ మళ్ళీ రాసి, మీరు అంటించిన చోటనే అంటించింది. మిమ్మల్ని పిలిచి పాఠం చెప్పలేదు, నలుగురిలో చిన్నబుచ్చలేదు. చెప్పి ఉండవలసింది అంటారా? నిజమే, చెప్పి ఉండవలసింది. అన్నీ తానే మోసి, ఒక్క మాట చెప్పక, ఎదుటివాళ్ళు తమంతట గ్రహించాలని ఎదురు చూసే పెద్దవాళ్ళు మన ఇళ్ళలోనూ కోకొల్లలు, వాళ్ళ మౌనం వల్ల కాపురాలే చెడ్డాయి. ఆ భాగం వరకు తప్పు ఆమెదే. కాని అడిగే నోరు మీకూ ఉంది.

మీ ఆత్మగౌరవం గురించి నాకు పట్టింపు లేదనుకోకండి. నా దృష్టిలో ఆత్మగౌరవం అంటే ఒకరి కష్టం మీద తెలిసి తెలిసి బతకకుండా ఉండడం. తన వంతు పని తాను చేసి, తన తప్పుకు తానే వెళ్ళి మాట చెప్పుకునే మనిషికి ఉన్నంత గౌరవం ‘నేనేం తప్పు చేశాను’ అని గదిలో కూర్చునే మనిషికి ఉండదు. ఇంకో చేదు మాట కూడా వినండి. ఇ-2 వీసా ప్రధానంగా ఏడు ఇంగ్లీషు దేశాల పౌరులకు ఇస్తారు, ఏ విషయంలోనైనా ఒక డిగ్రీ ఉంటే చాలు. ఆ గదిలో మిమ్మల్ని నిలబెట్టినది మీ పాస్‌పోర్టు. చిన్నపిల్లలతో ఎలా మెలగాలో చదువుకుని వచ్చినది ఆమె. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆ సంస్థలో అందరికీ తెలుసు, అయినా ఎవరూ మీ ముందు అనలేదు.

కనుక చేయవలసినది చెబుతాను. రేపు పిల్లలు వెళ్ళాక, టీచర్ల గదిలో అందరి ముందు కాకుండా, తరగతి గదిలోనే ఆమెను ఆపండి. ఒక కాఫీయో, పండ్లో తీసుకెళ్ళి రెండు చేతులతో ఇవ్వండి. ఆ దేశంలో పెద్దవాళ్ళకు ఏదైనా ఇచ్చే పద్ధతి అదే. ‘ఆ రోజు నా కోసం మీరు మాట పడ్డారు, నాకు అర్థం కాలేదు, క్షమించండి’ అనండి. కొరియన్‌లో చెప్పడం కుదరకపోతే ఇంగ్లీషులోనే నెమ్మదిగా చెప్పండి. ఆ మాటకు ‘కాని’ తగిలించకండి. పేరు చివర టీచరు అనే గౌరవ పదం చేర్చి పిలవడం అప్పటి నుంచే మొదలుపెట్టండి. ఆ పైన అడగండి: పిల్లవాడు పొడిస్తే మీరైతే ఏం చేస్తారు? ఏ తల్లికి ఏ విషయం పట్టింపు? గోడ మీద ఏది రాయకూడదు? ఆమె ఎన్నాళ్ళ నుంచో చెప్పాలనుకుంటున్నవి వరుసగా వస్తాయి, రాసుకోండి. మధ్యాహ్నం భోజనాల తరువాత పిల్లల పళ్ళు తోమించేటప్పుడు మీరు ఎక్కడ ఉంటారో నాకు తెలియదు. ఇకమీదట ఆమె పక్కన ఉండండి. ఊళ్ళో వాళ్ళ పిల్లల ముక్కు తుడవడం నామోషీ అని మీ అమ్మగారు అంటున్నారు గాని, ఆ ముక్కులు మీ వంతు కూడా కలిపి ఇన్నాళ్ళూ ఆమే తుడిచి ఉంటుంది.

ఆ బాబుకు ప్రత్యేకంగా ఏమీ చెప్పవద్దు. మరోసారి పొడిస్తే చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి, వాడి ఎత్తుకు మోకాళ్ళ మీద కూర్చుని, ‘వద్దు, నొప్పి’ అని చెప్పి, వాడు తల దించగానే సరే అని తీసుకొచ్చి మళ్ళీ గుంపులో కూర్చోబెట్టండి. వాళ్ళ రాయి-కాగితం-కత్తెర ఆట నేర్చుకుని ముందు వాడితోనే ఆడండి. ఎవరు ముందు, బొమ్మ ఎవరిది అనే తగువులన్నీ అక్కడి పిల్లలు దానితోనే తేల్చుకుంటారు, ఓడినవాళ్ళు సాధారణంగా మారు మాట్లాడరు కూడా.

మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన బ్రోచరు విషయం మాత్రం నాకు మింగుడు పడలేదు. పిల్లవాడు చేయి రుద్దితే అరపేజీ రాశారు, పెద్దవాళ్ళు మీ ముఖాన్ని దాచిపెడితే ఒక్క వాక్యం. పోరాడవలసినది అక్కడ. అందరి ఫోటోలూ వేసి మీది వదిలేయడానికి కారణం ఏమిటో సంస్థ అధిపతిని మర్యాదగా, సూటిగా, ఒంటరిగా కలిసి అడగండి. పొరపాటని చెబితే తరువాతి బ్రోచరులో ఎప్పుడు వేస్తారో అడగండి. ‘తల్లులు ఇష్టపడరు’ అనే మాట వస్తే అది మీరు భరించవలసిన సంప్రదాయం కాదు. పెళ్ళిచూపుల్లో ఛాయ తక్కువని చెప్పి మనవాళ్ళు ఎందరు ఆడపిల్లలను ఏడిపించారో చూసినదాన్ని కనుక చెబుతున్నాను, అలాంటి మాటను ఏ దేశంలోనూ సర్దుకుపోవద్దు. ఆ కారణంతో ఒప్పందం వదిలి వస్తానంటే మీ పక్షాన మాట్లాడే మొదటి మనిషిని నేనే. అధిపతి దగ్గరకు వెళ్ళే ముందు ఈ విషయం కూడా ఆ టీచరుకు చెప్పండి. ఎప్పుడు అడగాలో, ఎలా అడిగితే అధిపతి తప్పించుకోలేరో ఆమెకు మీకన్నా బాగా తెలుసు, ఈసారి మీతో కలిసి లోపలికి రావచ్చు కూడా.

అమ్మగారి ఫోన్ల గురించి దిగులు పడకండి. బోస్టన్ సంబంధం నిజంగా మంచిదైతే ఫిబ్రవరి వరకు ఆగుతుంది. ఆగలేమంటే అబ్బాయినే నేరుగా ఫోను చేయమనండి, అతనికి ఏం చెప్పాలో అతనితోనే చెప్పవచ్చు. రోజూ ఫోనులో వాదించకుండా ఆదివారం ఒక్కసారి మాట్లాడతానని ముందుగా చెప్పి, ఆ మాట మీద నిలబడండి. మిగతా రోజుల సాయంత్రాలు కొరియన్ నేర్చుకోండి. హంగుల్ అక్షరాలు పట్టుబట్టి కూర్చుంటే రెండు మూడు రోజుల్లో వస్తాయి, పేర్ల చీటీలు మీరే రాయవచ్చు.