పిస్టల్ కొన్నారు సరే, అందులో ఏ తూటాలు?

ప్రశ్న: డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం, నాకు గ్రీన్ కార్డ్ ఉంది. గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను, రాత్రి షాపు కట్టేసి డబ్బుతో ఒక్కణ్ణే బయటికొస్తాను. ఈమధ్యే చిన్న 9 ఎంఎం పిస్టల్ కొని చొక్కా కింద పెట్టుకుంటున్నాను. షాపువాళ్లు హాలో పాయింట్ తూటాలే వాడమన్నారు. వాటి ధర చూసి, ప్రాక్టీసు తూటాలే నింపుకోమంటున్నాడు మా బావమరిది. ఒంట్లో పగిలే తూటాలంటే మా ఆవిడకు భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: హాలో పాయింటే నింపండి. మీ బావమరిది చెప్పింది కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్ వరకు సరైనదే, రోడ్డు మీద మాత్రం కాదు. ప్రాక్టీసు తూటాకి మొన దాకా రాగి తొడుగు ఉంటుంది కాబట్టి అది మనిషికి తగిలినా ఆకారం చెడకుండా అవతలికి దూసుకుపోవచ్చు, ఆ వెనక పంపు దగ్గర పెట్రోలు కొట్టించుకుంటున్న వాళ్లెవరో మీకు కనపడను కూడా కనపడరు. హాలో పాయింట్ మొనలో గుంట ఉంటుంది, తగలగానే అంచులు పూరేకుల్లా విచ్చుకుని వేగం తగ్గుతుంది, లోపలే ఆగిపోయే అవకాశం ఎక్కువ. పగలడం కాదు అది, విచ్చుకోవడం. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు: కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో తయారైన ఇలాంటి తూటాల మీద గొడవ జరిగి, యుద్ధంలో వాడకూడదని 1899లో హేగ్‌లో ఒప్పందం రాసుకున్నారు. అది దేశాల మధ్య యుద్ధానికి. అమెరికాలో పోలీసులు వాడేవి మాత్రం ఎక్కువగా హాలో పాయింట్లే.

అయితే విచ్చుకుంటే చాలదు, లోతుకి కూడా వెళ్లాలి. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ వాళ్లకీ ఇద్దరు దొంగలకీ కాల్పులు జరిగాయి. ఒక దొంగకు తగిలిన 9 ఎంఎం హాలో పాయింట్ తూటా చేతిలోంచి ఛాతీలోకి దిగి, గుండెకు కాస్త ఇవతలే ఆగిపోయింది. వాడు ఇంకా కాలుస్తూనే ఉన్నాడు, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. ఆ తర్వాతే ఎఫ్‌బీఐ ఒంటి కండకి బదులుగా వాడే జెలటిన్ దిమ్మల్లోకి కాల్చి చూసి, గుడ్డల్ని దాటాక కూడా 12 నుంచి 18 అంగుళాలు దిగాలని లెక్క పెట్టుకుంది. అందుకని తేలికైనవీ, మరీ వేగంగా పోతాయని ఊదరగొట్టేవీ వదిలేసి 124 లేదా 147 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా మొన బరువు చెప్పే కొలత) తూటాల్లో ఫెడరల్ కంపెనీ హెచ్‌ఎస్‌టీ, స్పీర్ కంపెనీ గోల్డ్ డాట్ లాంటివి చూడండి. మీ పిస్టల్ బ్యారెల్ పొట్టిది, దాంట్లో వేగం తగ్గి కొన్ని తూటాలు సరిగ్గా విచ్చుకోవు, కాబట్టి పొట్టి బ్యారెల్ కోసమే చేసినవి అడగండి. డబ్బా మీద ప్లస్ పీ అని ఉంటే ఒత్తిడి ఎక్కువ, చిన్న పిస్టల్ గట్టిగా తన్నుతుంది. మాన్యువల్ ఒప్పుకోకపోతే ముట్టుకోవద్దు.

బ్రాండ్ కన్నా ముఖ్యం, అది మీ పిస్టల్లో ఇరుక్కోకుండా ఆడటం. ఇవి ఎక్కువగా 20 తూటాల డబ్బాల్లో వస్తాయి, కనీసం రెండు మూడు డబ్బాలు కాల్చి చూడకుండా నడుముకి పెట్టుకోకండి. ఒక్కసారి ఇరుక్కున్నా వేరే రకం చూడండి. మిగతా ప్రాక్టీసంతా అదే బరువున్న చవక తూటాలతో చేసుకోండి, ఖర్చు కలిసొస్తుంది.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. రోజూ రాత్రి తూటా తీసి పొద్దున్నే మళ్లీ దాన్నే ఛాంబర్లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా పేలే చోటికి, ఎక్కిస్తుంటే, దెబ్బ తగిలి తగిలి మొన కొంచెం కొంచెంగా ఇత్తడి గొట్టంలోకి దిగిపోతుంది. కొత్తదాని పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే దాన్ని కాల్చొద్దు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇంట్లో పిల్లలుంటే తాళమున్న పెట్టెలోనే పెట్టండి. 17 ఏళ్ల లోపు వాళ్ల చేతికి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం. అలాగే ఎవడైనా డబ్బు సంచి అడిగితే ఇచ్చేసి ఇంటికి రండి, పిస్టల్ ప్రాణం మీదికొచ్చినప్పుడే.

మీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఇదంతా చెప్పాను. మీ బావమరిది హెచ్‌1బీ మీదో స్టూడెంట్ వీసా మీదో ఉంటే, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీయే కాదు, ఒక్క తూటా కూడా దగ్గరుంచుకోకూడదు. మీ డబ్బాలు అతని కారులో పెట్టకండి, సరదాకైనా పిస్టల్ అతని చేతికివ్వకండి.