సీసా నిండా ఈగలే పడుతున్నాయి.. మరి కాకర ఎందుకు కుళ్లుతోంది?

ప్రశ్న: ఎకరంలో పందిరి మీద కాకర వేశాను. రెండో కోత నుంచి పిందెలు పసుపుపచ్చగా మారి, వంకర తిరిగి, కుళ్లి రాలిపోతున్నాయి. డీలరు కాయకుళ్లు తెగులు అని చెప్పి మందు ఇచ్చాడు, తగ్గలేదు. ఈగ వల్ల అని ఇంకొకరు చెప్పారు. మా పక్క మామిడి తోట రైతు తన దగ్గరున్న, ఈగలను వాసనతో రప్పించే బిళ్లలు ఇస్తే, ఖాళీ నీళ్ల సీసాలకు కంతలు పెట్టి ఆరు చోట్ల కట్టాను. సీసాల్లో కుప్పలుగా ఈగలు పడుతున్నాయి. అయినా కాయ దక్కడం లేదు. వారంలో రెండుసార్లు మందు కొడుతున్నాను, ఒకసారి మోనోక్రోటోఫాస్, ఇంకోసారి ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు. ఇంకా ఎన్ని సీసాలు కట్టాలి సార్? ఎర కూడా ఇంట్లోనే తయారు చేసుకోవచ్చా?
– ఒక రైతు, రంగారెడ్డి జిల్లా

జవాబు: మీ సీసాల్లో పడుతున్నవి మీ కాకరను పాడు చేసే ఈగలు కావు. పక్క మామిడి తోటలోవి. మామిడికి వాడే బిళ్లలో మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థం ఉంటుంది. దానికి మామిడి, జామ, సపోటా మీద బతికే పండు ఈగలు వస్తాయి. కాకర, బీర, సొర, పొట్ల, దోస, గుమ్మడి మీద వాలే పండు ఈగ వేరు. దానికి మిథైల్ యూజినాల్ పనికిరాదు, క్యూలూర్ అనే వేరే వాసన పదార్థం ఉన్న బిళ్ల కావాలి. అందుకే ఇవే సీసాలు ఆరు కాదు అరవై కట్టినా మీ కాయకు లాభం లేదు. పక్కాయన తోటకు మాత్రం కొంత మేలు జరుగుతుంది.

నా మాట మీద నమ్మనక్కర్లేదు, మీరే చూసుకోండి. సీసాలోని ఈగలను తెల్ల కాగితం మీద దులిపి సెల్‌ఫోన్ కెమెరాతో దగ్గరగా చూడండి. మామిడి ఈగకు వీపు ఎక్కువగా నల్లగా ఉండి, రెండు పక్కలా పసుపు చారలు ఉంటాయి. రెక్కలు తేటగా, ముందంచున సన్నటి ముదురు గీతతో కనిపిస్తాయి. కాకర ఈగ ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది. వీపు మీద పక్క చారలతో పాటు మధ్యలో మూడో పసుపు చార ఉంటుంది. రెక్క చివర పెద్ద మచ్చ, రెక్కకు అడ్డంగా ముదురు పట్టీ కూడా కనిపిస్తాయి. ఒకసారి చూశారంటే మళ్లీ పొరపడరు.

తెగులు సంగతి కూడా తేల్చుకోండి. పసుపు తిరిగిన పిందెలు పది ఏరి నిలువునా కోయండి. లోపల తెల్లటి పురుగులు ఉంటే ఈగే. కాయ మీద సూదితో గుచ్చినట్టు చిన్న మచ్చ, దాని చుట్టూ జిగురు కారి గట్టిపడిన గుర్తు ఉన్నా ఈగే. కుళ్లు ఆ తర్వాత వస్తుంది. ఈగ గుచ్చిన కంతలోంచి బ్యాక్టీరియా, శిలీంధ్రం లోపలికి పోయి కాయను కుళ్లిస్తాయి. కాబట్టి తెగులు మందు కొట్టినా తగ్గలేదంటే ఆశ్చర్యం లేదు. పది పిందెల్లో ఎక్కువ వాటికి పురుగూ లేదు, గుచ్చిన మచ్చా లేదు, ఊరికే పసుపు తిరిగి ఎండిపోతున్నాయి అంటే అది పరాగ సంపర్కం సరిగా జరగని పిందె కావచ్చు. మీ పొలంలో రెండూ ఉన్నాయని నా అనుమానం. కారణం మీ స్ప్రేయరే. దాని గురించి కింద చెబుతాను.

ముందు సీసా. మీరు కట్టిన సీసాలనే వాడొచ్చు, బిళ్ల మార్చాలి. లీటరు నీళ్ల సీసా తీసుకుని, మెడకు నాలుగు వేళ్ల కింద ఎదురెదురుగా రెండు కంతలు పెట్టండి. ఒక్కోటి చిటికెన వేలు దూరేంత ఉంటే చాలు. మరీ పెద్దవి పెడితే వచ్చిన ఈగ వచ్చిన దారినే పోతుంది. మూతకు చిన్న కంత చేసి తీగ దూర్చి, కొసన క్యూలూర్ బిళ్ల కట్టండి. బిళ్ల సరిగ్గా ఆ రెండు కంతల ఎత్తులో వేలాడాలి. అప్పుడే గాలికి వాసన బయటికి పోతుంది. సీసా అడుగున అంగుళం మేర సబ్బు నీళ్లు పోయండి. ఆ నీటి మట్టానికి కొంచెం పైన సూదితో రెండు కంతలు పొడిస్తే వాన నీళ్లు నిండకుండా బయటికి పోతాయి. పైన వేలాడదీసే తీగకు గ్రీజు పూయండి. లేకపోతే చీమలు దిగి చచ్చిన ఈగలను మోసుకుపోతాయి, లెక్క తెలియదు.

ఎకరానికి 10 సీసాలు. నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తున, పందిరి కింద నీడలో, ఆకులు కంతలను మూసేయకుండా కట్టండి. తీగ పూతకు రాకముందే కట్టాల్సింది, మీకు ఆలస్యమైంది. అయినా ఇంకా కోతలున్నాయి కాబట్టి ఈ వారంలోనే కట్టేయండి. వారానికోసారి ఈగలను లెక్కపెట్టి పారబోసి, సబ్బు నీళ్లు మార్చండి. బిళ్లను ప్యాకెట్ మీద రాసిన గడువు ప్రకారం మార్చాలి. వాసన ఉంది కదా అని నెలల తరబడి ఉంచొద్దు. కొన్ని బిళ్లలకు విషమందు కలిపి ఉంటుంది కాబట్టి ఒట్టి చేత్తో తాకకండి. మామిడి బిళ్ల, కాకర బిళ్ల ఒకే సీసాలో పెట్టకండి.

క్యూలూర్ ఇంట్లో తయారయ్యేది కాదు, కొనాల్సిందే. ప్లైవుడ్ ముక్కలను స్పిరిట్‌లో, విషంలో నానబెట్టి బిళ్లలు చేసే పద్ధతి వీడియోల్లో చూసి ఉంటారు. ఆ పని మీరు పెట్టుకోవద్దు. తులసి ఆకులు నలిపి సీసాలో వేస్తే ఈగలు వస్తాయన్న మాట నిజమే, తులసిలో సహజంగానే మిథైల్ యూజినాల్ ఉంటుంది. కానీ పైన చెప్పాను కదా, దానికి వచ్చేది మామిడి ఈగే.

ఇంకో విషయం డీలర్లు చెప్పరు. బిళ్ల ఏదైనా దానికి వచ్చేది మగ ఈగ. కాయను గుచ్చేది ఆడ ఈగ. ఒక్క మగ ఈగ మిగిలినా ఎన్నో ఆడ ఈగలతో కలుస్తుంది. పైగా పక్క చేలో కలిసిన ఆడ ఈగ నేరుగా మీ పందిరి మీదికి వచ్చి గుడ్లు పెడుతుంది. అందుకే సీసా నిండితే పని అయిపోయినట్టు కాదు.

ఆడ ఈగ కోసం మీరు అడిగిన ఇంటి ఎర పనికొస్తుంది. బాగా మాగిన అరటిపండ్లు రెండు పిసికి, 100 గ్రాముల బెల్లం, లీటరు నీళ్లు, చిటికెడు ఈస్ట్ కలిపి ఒక రోజు నీడలో పులియబెట్టండి. సీసాకు ఒక గ్లాసు చొప్పున పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేయండి. ఐదారు రోజులకోసారి మార్చండి. చేను చుట్టూ గట్ల వెంట నాలుగైదు సీసాలు చాలు. దీనికి ఆడవీ మగవీ రెండూ వస్తాయి గానీ, క్యూలూర్ అంత దూరం నుంచి రావు. ఇంటి ఈగలు, పళ్ల మీద ముసిరే చిన్న ఈగలు కూడా పడతాయి. అవి చూసి సంతోషపడకండి. ఎండుచేపల పొడిలో డైక్లోర్‌వాస్ చుక్క వేసే పాత పద్ధతి ఇంకా కొందరు చెబుతున్నారు. డైక్లోర్‌వాస్‌ను దేశంలో 2020 డిసెంబర్ 31 నుంచి పూర్తిగా నిషేధించారు. ఎవరి దగ్గరైనా పాత డబ్బా ఉన్నా వాడొద్దు.

ఇక మందుల సంగతి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కాకరకు అది ఇచ్చిన డీలరును ఏమనాలి? ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసినది పత్తిలో కాయతొలుచు పురుగులకు ఉద్దేశించిన మందు. మీరు రెండు మూడు రోజులకోసారి కాయ కోసి మార్కెట్‌కు పంపుతున్నారు. మందు కొట్టాక ఆగాల్సిన రోజులు ఆగే వీలే లేని పంట ఇది. ఆ కాయ ఎవరో ఒకరి పిల్లలు తింటారు, మీ ఇంట్లోనూ తింటారు.

పోనీ అంత కొట్టినా ఈగ చస్తుందా అంటే అదీ లేదు. గుడ్డు, పురుగు కాయ లోపల ఉంటాయి. పురుగు ముదిరాక కాయలోంచి దూకి మట్టిలో దూరి కోశంగా మారుతుంది. మందు తగిలేది తల్లి ఈగకు మాత్రమే. అది గుడ్లు పెట్టడానికి పందిరికి వస్తుంది, సాయంత్రానికి గట్ల మీది ఎత్తయిన మొక్కల్లోకి, మొక్కజొన్నలోకి పోయి కూర్చుంటుంది. మీరు పందిరి తడిసేలా కొట్టే మందుకు చచ్చేది తేనెటీగ. కాకర పువ్వు తెల్లవారుజామునే విచ్చుకుంటుంది, తేనెటీగలు పొద్దున్నే వస్తాయి. మీరు పొద్దున చల్లబడి ఉందని ఆ వేళే కొడుతున్నారేమో చూసుకోండి. తేనెటీగ రాకపోతే పిందె నిలవదు. పురుగు లేకుండా పసుపు తిరిగిన పిందెలకు కారణం ఇదే అయ్యుంటుంది.

కాబట్టి పందిరి మీద కొట్టడం ఈ రోజే ఆపేయండి. మరీ ఉధృతంగా ఉంటే విషపు ఎర ఒక్కటే దారి. 10 లీటర్ల నీటిలో 20 మి.లీ. మలాథియాన్ 50 ఇ.సి., 100 గ్రాముల బెల్లం కలిపి, సాయంత్రం వేళ గట్ల మీది మొక్కజొన్న ఆకుల మీద పెద్ద చుక్కలుగా పడేలా అక్కడక్కడ చల్లండి. ఆడ ఈగకు గుడ్లు తయారవడానికి ముందు తిండి కావాలి, అందుకే తీపి కోసం వస్తుంది. కాయ మీద, పువ్వు మీద పడకూడదు. వారం తర్వాత సీసాల్లో లెక్క చూసి అవసరమైతే ఇంకోసారి చల్లండి. ప్రస్తుతం గట్ల మీద మొక్కజొన్న లేకపోతే వచ్చే పంటకు చుట్టూ రెండు వరుసలు వేసుకోండి. ఈసారికి గట్టు మీద పొదలున్న చోట చల్లితే సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. రాలిన కాయలు ఏం చేస్తున్నారు? మీ ప్రశ్నలో ఆ మాటే లేదు. పందిరి కిందే వదిలేస్తున్నారని అనుకుంటున్నాను, ఎక్కువ మంది అదే చేస్తారు. కొందరు ఏరి గట్టున కుప్ప పోస్తారు, అది ఇంకా ప్రమాదం. ఒక్కో కాయలో పదుల కొద్దీ పురుగులుంటాయి. అవి మట్టిలోకి దిగాక వారం పది రోజుల్లో ఈగలై లేస్తాయి. మీరు సీసాలో పట్టే ఈగల కన్నా ఆ కుప్పలోంచి లేచేవి ఎక్కువ. మీ చేలోనే ఈగల్ని పెంచుతూ సీసాలు కట్టడం చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

రోజు మార్చి రోజు గుచ్చిన కాయలు, రాలిన కాయలు అన్నీ ఏరండి. తీగ మీద వంకర తిరిగిన పిందెలను కూడా కోసేయండి, అవి ఎలాగూ అమ్ముడుపోవు. వాటిని మందపాటి నల్ల ప్లాస్టిక్ సంచుల్లో నింపి, మూతి గట్టిగా కట్టి రెండు వారాలు ఎండలో పడేయండి, లోపలే చస్తాయి. సంచులు లేకపోతే రెండడుగుల లోతు గుంత తీసి పూడ్చి మట్టి తొక్కండి. జానెడు లోతున పూడిస్తే మట్టి తోసుకుని బయటికి వస్తాయి. పశువులకు వేద్దామనుకోకండి, మీరు మందులు కొట్టిన కాయలవి.

పందిరి కింద నేలను పదిహేను రోజులకోసారి పైపైన, రెండు మూడు అంగుళాలు గుల్ల చేయండి. మట్టిలో ఉన్న కోశాలు బయటపడి ఎండకు, చీమలకు, కోళ్లకు పోతాయి. వేర్లు తెగేంత లోతు వద్దు. వచ్చే పంటకు విత్తనం మొలిచాక ఒకసారి, పూత దశలో ఒకసారి ఎకరానికి 100 కిలోల చొప్పున వేపపిండి వేయండి. కాయలకు కాగితం సంచులు తొడగడం మంచి పద్ధతే. పిందె కట్టిన రెండు మూడు రోజుల్లోనే తొడగాలి. ఎకరం పందిరికి కూలి ఖర్చు గిట్టదు. విత్తనానికి ఉంచుకునే కాయలకు, పెరటి పాదులకు చేసుకోండి.

పసుపు జిగురు అట్టలు కూడా డీలరు అంటగడితే తీసుకోకండి. తెల్లదోమకు అవి పనికొస్తాయి, ఈ ఈగను అదుపు చేయలేవు.

మీ చుట్టూ బీర, సొర, దోస వేసిన వాళ్లుంటే వాళ్లతో మాట్లాడండి. ఈ ఈగకు గట్టు అడ్డం కాదు. జపాన్‌లోని ఒకినావా దీవుల్లోనూ కాకర ప్రధాన కూర. ఇదే ఈగ వల్ల అక్కడి కాకరను మిగతా జపాన్‌కు పంపనిచ్చేవారు కాదు. 1972లో ఒక చిన్న దీవిలో మొదలుపెట్టి, దీవి తర్వాత దీవి చొప్పున వంధ్య (సంతానం కలిగించలేని) మగ ఈగలను వదులుతూ 1993కి పూర్తిగా నిర్మూలించారు. ఒక్కో రైతు విడివిడిగా చేస్తే అయ్యేది కాదు. మన దగ్గర అంత ఏర్పాటు లేదు గానీ, ఒక ఊరి పందిరి రైతులు పది మంది ఒకే వారంలో క్యూలూర్ సీసాలు కట్టి, ఒకే రోజున రాలిన కాయలు ఏరితే తేడా మీకే కనిపిస్తుంది. మీ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పి రైతు వేదికలో ఒకసారి కూర్చోండి. కాగితం మీద దులిపిన ఈగలను కూడా తీసుకెళ్లి చూపించండి.

చివరి కోత అయ్యాక తీగలను పందిరి మీదే వదిలేసి వెళ్లకండి. గిట్టుబాటు కాదని వదిలేసిన పండు కాయల్లోనే తర్వాతి పంటకు కావలసినన్ని ఈగలు తయారవుతాయి. మిగిలిన కాయలన్నీ ఏరి పూడ్చి, తీగలు లాగేసి, నేల దున్నండి. క్యూలూర్ సీసాలను మాత్రం దున్నాక ఇంకో నెల రోజులు అలాగే ఉంచండి.