అమ్మాయి జాంబియా అప్పుల మీద చదువుతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ ఫైనలియర్. కోవిడ్ కాలంలో జాంబియా లాంటి ఆఫ్రికా దేశాల అప్పులు, విదేశీ పెట్టుబడులు, పాలన మీద ప్రాజెక్ట్ చేసింది. ఇక ఆ దారిలోనే వెళ్తానంటోంది. లండన్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్ మాస్టర్స్‌కి 40 లక్షల లోన్ తీసుకుందామంటోంది. అది మంచిదా, ఇక్కడ ఎంఏ మంచిదా? ఆఫ్రికా అంటే జబ్బులు, గొడవలు... ఆడపిల్ల కదా, టెన్షన్‌గా ఉంది. చుట్టాలు కూడా నవ్వుతున్నారు. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది ఏ కోర్సు అని. కానీ మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ చివరి వాక్యం. అమ్మాయి సాఫ్ట్‌వేర్ అంటే చుట్టాలకు చెప్పడం తేలిక, జాంబియా అంటే కష్టం. అంతే కదండీ?

ముందు జబ్బుల సంగతి. 2021 వేసవిలో మన దగ్గర సెకండ్ వేవ్ వచ్చినప్పుడు టీకాల ఎగుమతి ఆపేశాం. పుణెలోని సీరం కంపెనీ నుంచి టీకాలు వస్తాయని ఎదురుచూసిన ఆఫ్రికా దేశాలు నెలల తరబడి ఖాళీ చేతులతో ఉండిపోయాయి. ఆ ఏడాది భయపడాల్సింది మనల్ని చూసి వాళ్లు. ఇక 'ఆడపిల్ల కదా' అన్నారు. ఐఐటీ మద్రాస్ 2023లో టాంజానియాలోని జాంజిబార్ దీవిలో క్యాంపస్ తెరిచింది. దాన్ని నడపడానికి వెళ్లింది ప్రీతి అఘాలయం గారు, ఐఐటీలో డైరెక్టర్ హోదా అందుకున్న మొదటి మహిళ. యాభై నాలుగు దేశాలను ఒకే ఊరిలా మాట్లాడటం ఇక మానేయండి. నైరోబీలో, దార్ ఎస్ సలామ్‌లో మనవాళ్లు ఏళ్లుగా ఉంటున్నారు, ఉగాది చేసుకుంటున్నారు.

అమ్మాయి ఎంచుకున్న విషయం గాలివాటంది కాదు. జాంబియా 2020 నవంబరులో 42.5 మిలియన్ డాలర్ల వడ్డీ వాయిదా కట్టలేక చేతులెత్తేసింది. ఒకే పొలం చూపించి బ్యాంకులో, సొసైటీలో, వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. 'ముందు వాళ్లను తగ్గించమను, తర్వాత నేను తగ్గిస్తా' అంటారు. అక్కడా అదే జరిగింది. ఒకపక్క చైనా బ్యాంకులు, మరోపక్క బాండ్లు, అంటే జాంబియా అమ్మిన అప్పు పత్రాలు, కొన్న విదేశీ ఫండ్లు. ఇతర దేశాల ప్రభుత్వాలకు తీర్చాల్సిన అప్పు మీద ఒప్పందం కుదిరేసరికి 2023 జూన్ వచ్చింది, బాండ్ల లెక్క తేలేసరికి 2024. ఈ మధ్యలో 2021 ఎన్నికల్లో ప్రభుత్వమే మారిపోయింది. ఈ ముడి విప్పగలిగిన వాళ్లకు పని దొరుకుతుంది.

నా అనుమానమల్లా లండన్ మీద. ఈ కోర్సు ఇప్పుడు ఫ్యాషన్. బ్రోషర్‌లో ఐక్యరాజ్యసమితి బొమ్మ వేస్తారు. కానీ ఆ సెక్రటేరియట్‌లో ఇంటర్న్‌షిప్‌కి జీతం ఇవ్వరన్నది వేయరు. న్యూయార్క్‌లో అద్దె మీరే కట్టాలి. బ్రిటన్ తన అభివృద్ధి సాయం శాఖను 2020 సెప్టెంబరులో మూసి విదేశాంగ శాఖలో కలిపేసింది. ఆ మరుసటి ఏడాదే సాయాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5కి తగ్గించింది. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌నే మూసేసింది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు రెజ్యూమెలు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ల వెనక లైన్లో నిలబడటానికి 40 లక్షలా? అమ్మాయి అప్పుల మీద చదవాలి కానీ అప్పుల్లో చదవడం ఎందుకు?

ఇంకో సంగతి. ఆఫ్రికాకు వచ్చిన విదేశీ పెట్టుబడి 2020లో సుమారు 40 బిలియన్ డాలర్లు, 2021లో 83. రెట్టింపైంది, పండగ చేసుకోవచ్చు అనిపిస్తుంది. తీరా చూస్తే ఆ పెరుగుదలలో పెద్ద భాగం దక్షిణాఫ్రికాలో ఒకే గ్రూపు కంపెనీల మధ్య జరిగిన షేర్ల మార్పిడి. కొత్త ఫ్యాక్టరీ కాదు, కొత్త రోడ్డూ కాదు. దీన్ని పట్టుకునే కన్ను స్టాటిస్టిక్స్, అకౌంట్స్ నుంచి వస్తుంది. వ్యాసాలు రాస్తే రాదు.

కాబట్టి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్. ఆఫ్రికన్ స్టడీస్ విభాగాలు ఢిల్లీ యూనివర్సిటీ, జేఎన్‌యూల్లో ఉన్నాయి, అక్కడ ఎంఏ ఉందో లేదో కనుక్కోండి. ఎంట్రన్సుల సంగతి అమ్మాయికి నాకంటే బాగా తెలుసు. నన్ను అడిగితే మొదటిదే. ఉద్యోగాలా? ఆఫ్రికా ప్రభుత్వాలకు మన దేశం ఇచ్చే రుణాలు ఎగుమతి, దిగుమతుల కోసం ఉన్న మన ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంక్ ద్వారానే వెళ్తాయి. హైదరాబాద్ ఫార్మా కంపెనీల హెచ్ఐవీ మందులు ఏళ్లుగా అక్కడికి వెళ్తున్నాయి. ఆ ఖండానికంతటికీ ఒక మందుల నియంత్రణ సంస్థ రువాండా రాజధాని కిగాలీలో ఏర్పడుతోంది. అక్కడి నిబంధనలు, ధరలు, ప్రభుత్వాలు అర్థమైన మనిషి ఈ కంపెనీలకు అక్కరకొస్తుంది. రెండు మూడేళ్లు పనిచేశాక లండనే కావాలంటే వెళ్లనివ్వండి. అప్పుడు స్కాలర్‌షిప్ అడగడానికి ఆమె దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

ఈలోగా ఫ్రెంచ్ క్లాసులో చేర్పించండి. పశ్చిమ ఆఫ్రికాలో చాలా దేశాల ఆఫీసులు ఆ భాషలోనే నడుస్తాయి. హైదరాబాద్ వస్తే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉండనే ఉంది. లోన్ కాగితాలు ఈ ఏడాదికి బీరువాలో పెట్టండి. చుట్టాలు అడిగితే మీరు జవాబు చెప్పకండి, అమ్మాయినే చెప్పనివ్వండి. మీకంటే బాగా చెప్తుంది.